కిడ్నీ బయాప్సీకి ఎలా సిద్ధపడాలి? బందరు, గుడివాడ, దివిసీమ కుటుంబాల కోసం

"కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి" అని డాక్టరు గారు అనగానే మన ఇళ్లలో రెండు ప్రశ్నలు లేస్తాయి. క్యాన్సరా అని ఒకటి. ముక్క తీస్తే ఉన్న కిడ్నీ కూడా దెబ్బతింటుందేమో అని రెండోది. ఈ రెండు భయాలతో ఆకు పసర్లు, నాటు మందులు, ఇంకో డాక్టరు, మరో డాక్టరు అంటూ నెలలు దొర్లిపోతాయి. ఆ నెలల్లోనే కిడ్నీ లోపల మచ్చ కట్టుకుపోతుంది. అప్పుడు ముక్క తీసినా మచ్చ తప్ప మరేమీ కనపడదు, మొదట ఏ రోగం వచ్చిందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఈ వ్యాసం. మొదటి మూత్ర పరీక్ష నుంచి చివరి రిపోర్టు దాకా ఏ పని ఎప్పుడు చేయాలో, ఏం అడగాలో వరుసగా చెబుతాను. మందు నిర్ణయించేది మీ డాక్టరు గారే. ఆ నిర్ణయం సరిగ్గా కుదరడానికి మీ ఇంటి నుంచి అందాల్సిన సాయం చాలా ఉంది.

ముందు ఆ రెండు భయాల సంగతి. సూదితో చేసే ఈ పరీక్ష ఎక్కువగా క్యాన్సర్ కోసం కాదు. కిడ్నీలో రక్తాన్ని వడపోసే చోట ఏ రకం దెబ్బ తగిలిందో చూడటం కోసం. ఇక రెండోది. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల వడపోత ఉండలు ఉంటాయి. వీటినే డాక్టర్లు గ్లోమెరులై అంటారు. ఒక్కోదాని అడ్డుకొలత మిల్లీమీటరులో ఐదో వంతు. సూది ఒకసారి లోపలికి వెళ్లి వస్తే వాటిలో పదో ఇరవయ్యో బయటికి వస్తాయి. పది లక్షల్లో ఇరవై పోతే కిడ్నీ పనిలో తేడా రాదు. ప్రమాదం ఉన్నదల్లా రక్తస్రావంతో. దాని గురించి కింద వివరంగా చెబుతాను.

ముందుగా: ఇది బయాప్సీ దాకా వెళ్లాల్సిన జబ్బేనా?

ఉదయం లేవగానే పోసే మూత్రంలో మధ్య ధారను శుభ్రమైన డబ్బాలో పట్టి, గంట రెండు గంటల్లోపు ల్యాబులో ఇవ్వండి. కోడూరులోనో నాగాయలంకలోనో తెల్లవారుజామున పట్టిన మూత్రాన్ని సంచిలో పెట్టుకుని, ఎండలో బస్సెక్కి మధ్యాహ్నానికి బందరు చేరితే అందులోని రక్తకణాలు పగిలిపోతాయి, కాస్టులు విడిపోతాయి. కాస్టులంటే కిడ్నీ నాళికల్లో గడ్డకట్టి, ఆ నాళిక ఆకారంలోనే బయటికి వచ్చే పుల్లలు. ఎర్ర రక్తకణాలు నిండిన కాస్టు ఒక్కటి దొరికినా రక్తం మూత్రసంచి నుంచి రావడం లేదని, కిడ్నీ లోపలి నుంచే వస్తోందని తెలిసిపోతుంది. అంత విలువైన ఆధారం దారిలో పాడైపోకూడదు. వీలైతే ల్యాబు దగ్గరికే వెళ్లి అక్కడే మూత్రం ఇవ్వండి.

దాంతోపాటు మూత్రంలో ప్రోటీన్‌–క్రియాటినిన్ నిష్పత్తి, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గితే పెరిగేది), అల్బుమిన్, షుగరు, కిడ్నీల స్కానింగు చేయించాలి. బీపీ కాగితం మీద రాయించుకోవాలి.

పెద్దవాళ్లలో కాళ్లూ ముఖమూ ఉబ్బి, మూత్రంలో ప్రోటీన్ రోజుకు 3.5 గ్రాములు దాటిపోతుంటే బయాప్సీ మాట తప్పక వస్తుంది. ప్రోటీన్‌తో పాటు రక్తకణాలు కూడా ఉండి, క్రియాటినిన్ వారం వారానికీ పెరుగుతుంటే అది అత్యవసరం. అక్కడ ఆలస్యాన్ని రోజుల్లో లెక్కపెట్టాలి. కీళ్ల నొప్పులు, ముఖం మీద ఎర్రటి మచ్చలు, జుట్టు రాలడం ఉన్న ఆడపిల్ల మూత్రంలో ప్రోటీన్ కనిపిస్తే లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) అనుమానంతో బయాప్సీ అడుగుతారు. షుగరు ఉన్నవాళ్లకు కూడా ఒక్కోసారి అవసరమవుతుంది. కంటి రెటీనా బాగానే ఉండి, షుగరు వచ్చి ఎంతో కాలం కాకుండానే ప్రోటీన్ ఒక్కసారిగా పెరిగితే, షుగరుతో సంబంధం లేని మరో జబ్బు ఉందేమో చూడాలి.

అవసరం లేని సందర్భాలూ ఉన్నాయి. ఏడాది దాటిన చిన్నపిల్లలకు మొదటిసారి ఒళ్లు ఉబ్బితే ముందు స్టెరాయిడ్ ఇచ్చి చూస్తారు. ఎక్కువమంది దానికే తగ్గుతారు. స్కానింగులో రెండు కిడ్నీలూ బాగా చిన్నబోయి కనిపిస్తే ముక్క తీయడంలో ప్రమాదం ఎక్కువ, ఫలితం తక్కువ. మెంబ్రేనస్ అనే జబ్బుకు ఇప్పుడు పీఎల్ఏ2ఆర్ యాంటీబాడీ అనే రక్తపరీక్ష ఉంది. అది పాజిటివ్ వచ్చి, కిడ్నీ పనితీరు బాగుంటే కొందరికి సూది పోటు తప్పుతుంది.

మన నేలకు చెందిన నాలుగు చిక్కులు

పుస్తకాల్లో ఒక మూలన ఉండే కొన్ని సంగతులు కృష్ణా దిగువ డెల్టాలో ముందువరసలోకి వస్తాయి. డాక్టరు గారు అడగకపోయినా మీరే చెప్పండి.

ఒకటి, తెల్ల మూత్రం. బోదకాలు మన తీరప్రాంతంలో పాత జబ్బు. ఆ పురుగులు శోషరస నాళాలను మూసేస్తే, పేగుల నుంచి కొవ్వును మోసుకెళ్లే రసం దారి తప్పి మూత్రంలోకి కారుతుంది. మూత్రం పాలరంగులో వస్తుంది. నూనె, నెయ్యి ఎక్కువ తిన్న రోజున ఇంకా చిక్కబడుతుంది. ఈ మూత్రాన్ని పరీక్షిస్తే ప్రోటీన్ నాలుగైదు గ్రాములైనా చూపించవచ్చు. వాపుతో పాటు ప్రోటీన్ పోయే నెఫ్రోటిక్ జబ్బని పొరబడి బయాప్సీకి రాయడం, స్టెరాయిడ్ మొదలుపెట్టడం దీనివల్లే జరుగుతాయి. అలాంటి మనిషికి చాలావరకు ఒంట్లో వాపు ఉండదు, బీపీ ఉండదు, క్రియాటినిన్ మామూలుగా ఉంటుంది. మూత్రంలో ట్రైగ్లిజరైడ్ పరీక్ష చేస్తే విషయం తేలిపోతుంది. ప్రోటీన్ వల్ల వచ్చే నురగ వేరు, ఈ తెలుపు వేరు. మీ ఇంట్లో కనిపిస్తున్నది ఏదో స్పష్టంగా చెప్పండి.

రెండు, పాముకాటు. వరిచేలల్లో రక్తపింజర కాటు దివిసీమకు కొత్త కాదు. 2018 ఆగస్టులో కాట్లు బాగా పెరిగినప్పుడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో ప్రభుత్వం తరఫునే సర్పశాంతి యాగం జరిగింది. జనం ఎంత భయపడ్డారో దాన్నిబట్టి తెలుస్తుంది. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, కిడ్నీ నాళికలను చంపుతుంది. మూత్రం ఆగిపోతే డయాలసిస్ పెడతారు. చాలామందికి రెండు మూడు వారాల్లో మూత్రం తిరిగి వస్తుంది. మూడు నాలుగు వారాలు దాటినా రాకపోతే అప్పుడు బయాప్సీ ఆలోచిస్తారు. నాళికలు మాత్రమే దెబ్బతిన్నాయా, కిడ్నీ పైపొర మొత్తం చచ్చిపోయిందా అన్నది చూడాలి. మొదటిదైతే ఓపికపట్టి డయాలసిస్ చేయిస్తే కిడ్నీ కోలుకునే ఆశ ఉంది. రెండోదాన్ని కార్టికల్ నెక్రోసిస్ అంటారు. పూర్తిగా కోలుకోవడం అరుదు. ఆ తేడా తెలిస్తే కుటుంబం తన దారి తను చూసుకోగలుగుతుంది. అయితే రక్తం మామూలుగా గడ్డకడుతోందని రుజువయ్యాకే సూది వేయాలి.

మూడు, ఎలుక జ్వరం. లెప్టోస్పైరోసిస్ అంటే ఇదే. నాట్ల బురదలో పనిచేసినవారికి జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం, పచ్చకామెర్లతో పాటు కిడ్నీ కూడా దెబ్బతింటుంది. సకాలంలో యాంటీబయాటిక్ పడితే సాధారణంగా బయాప్సీ లేకుండానే తగ్గుతుంది. పొలంలో ఏ పని ఎప్పుడు చేశారో చెప్పడం ఇక్కడ పరీక్షతో సమానం.

నాలుగు, చేప చేదు. షుగరుకనీ కంటిచూపుకనీ నమ్మి రోహు వంటి చేపల పిత్తాశయాన్ని, అంటే చేదు సంచిని, పచ్చిగా మింగేవాళ్లు ఉన్నారు. చెరువు చేప సులువుగా దొరికే గుడివాడ వైపు ఈ మాట గట్టిగా చెప్పాలి. ఆ చేదు ఒకటి రెండు రోజుల్లోనే కిడ్నీనీ లివర్నీ దెబ్బతీస్తుంది. మింగిన సంగతి సిగ్గుపడి దాచిపెడితే, కారణం కోసం అనవసరంగా బయాప్సీ దాకా పోవలసి వస్తుంది.

సూదికి ముందు రోజులు

కిడ్నీ స్పెషలిస్టును, అంటే నెఫ్రాలజిస్టును, చూడటానికి మనవాళ్లు ఎక్కువగా బెజవాడ, గుంటూరు వెళ్తారు. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. హైదరాబాదులో నిమ్స్ ఉంది. ప్రభుత్వ వైద్య సేవ కార్డు ఉంటే, బయాప్సీ ఖర్చులో ఏది పథకం కిందికి వస్తుంది, ఏది చేతినుంచి పెట్టుకోవాలి అని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. 104కు ఫోన్ చేసి కూడా తెలుసుకోవచ్చు. ముక్క తీసే ఖర్చు వేరు, ల్యాబులో దాన్ని చదివే ఖర్చు వేరు. రెండింటి గురించీ విడివిడిగా అడగాలి.

వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద గత ఆరు నెలల్లో వాడినవన్నీ రాసుకోండి. మెడికల్ షాపులో కొన్న నొప్పి బిళ్లలు, ఆర్‌ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్లు, నాటు మందులు, భస్మాలు, ఒళ్లు తెల్లబడటానికి రాసుకున్న క్రీములు, ఏవీ వదలొద్దు. క్రీమును ఎందుకు లెక్కలోకి తీసుకోవాలో ముందుకెళ్లాక తెలుస్తుంది.

రక్తం పలచబడే మందుల సంగతి అన్నిటికన్నా ముఖ్యం. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి బయాప్సీకి వారం ముందు ఆపమని చెప్పవచ్చు. కానీ గుండెలో స్టెంటు ఉన్నవాళ్లు వాటిని సొంతంగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. గుండె డాక్టరుతోనూ కిడ్నీ డాక్టరుతోనూ మాట్లాడించాకే ఏదైనా ఆపాలి. నొప్పి బిళ్లలు మాత్రం వెంటనే మానేయవచ్చు. అవి కిడ్నీకి ఎలాగూ మంచివి కావు.

ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే సమయం, హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందో లేదో చూస్తారు. బీపీ 140/90 లోపు ఉండాలి. బీపీ ఎక్కువగా ఉన్న రోజున సూది వేయించుకోవద్దు. అత్యవసరం కాకపోతే, బీపీ తగ్గేదాకా వాయిదా వేసినా నష్టం లేదు. ఊపిరి బిగబట్టి కదలకుండా ఉండటం ఇంటి దగ్గర సాధన చేయండి. బోర్లా పడుకుని, పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి ఆపగలిగితే చాలు.

ఆ అరగంట

మనిషిని బోర్లా పడుకోబెట్టి పొట్టకింద దిండు పెడతారు. మార్పిడి చేసిన కిడ్నీ పొత్తికడుపులో ఉంటుంది కాబట్టి ఆ మనిషిని వెల్లకిలా పడుకోబెడతారు. స్కానింగు చూస్తూ, సాధారణంగా ఎడమ కిడ్నీ కింది అంచు దగ్గర గుర్తు పెట్టి, మత్తు సూదితో ఆ చోటు మొద్దుబారేలా చేస్తారు. మెలకువగానే ఉంటారు. చిన్నపిల్లలకు మాత్రం నిద్రమందు ఇస్తారు. "ఊపిరి ఆపండి" అన్నప్పుడు ఆపాలి. బయాప్సీ గన్ టక్కుమని శబ్దం చేస్తుంది. ఆ శబ్దానికి ఉలిక్కిపడటం సహజం. ముందే తెలిస్తే కదలరు. అలా రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు తీస్తారు. బయటికి వచ్చేది విరిగిన సేమ్యా పుల్లంత, ఒకటిన్నర రెండు సెంటీమీటర్ల పొడవుంటుంది.

ఈ పద్ధతికి ఏడు దశాబ్దాల చరిత్ర ఉంది. కోపెన్‌హాగెన్‌లో ఇవర్సన్, బ్రూన్ అనే ఇద్దరు వైద్యులు 1951లో చర్మం మీదుగా సూదితో కిడ్నీ ముక్క తీసే విధానాన్ని ప్రచురించారు. వాళ్లు రోగిని కూర్చోబెట్టి తీసేవాళ్లు. 1954లో షికాగోలో కార్క్, ముర్కీ బోర్లా పడుకోబెట్టి తీయడం మొదలుపెట్టాక దాదాపు ప్రతిసారీ ముక్క దొరకసాగింది. అప్పట్లో స్కానింగు లేదు. ఇప్పుడు సూది మొన ఎక్కడుందో తెరమీద కనిపిస్తుంది.

తర్వాతి ఇరవై నాలుగు గంటలు

వెల్లకిలా కనీసం ఆరు గంటలు పడుకోవాలి. నర్సు బీపీ, నాడి పదే పదే చూస్తారు. ప్రతిసారీ పోసిన మూత్రాన్ని విడివిడి గ్లాసుల్లో వరుసగా పెట్టి చూపించమంటారు. రంగు క్రమంగా తేటపడుతుంటే మంచిది. వందలో ముగ్గురు నలుగురికి మూత్రం కంటికి కనిపించేంత ఎర్రగా వస్తుంది. చాలామందికి దానంతటదే ఆగుతుంది. రక్తం ఎక్కించాల్సి వచ్చేది వందలో ఒకరిద్దరికి. మూత్రంలో రక్తం గడ్డలు పడటం, మూత్రం రాకుండా ఆగిపోవడం, నడుములో నొప్పి పెరుగుతూ పోవడం, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే నర్సును పిలవండి.

పెద్ద చిక్కులు చాలావరకు మొదటి రోజునే బయటపడతాయి. అందుకే నా సలహా గట్టిగానే చెబుతున్నాను. సాయంత్రానికి పంపించేస్తామన్నా, దివిసీమ వాళ్లు ఆ రాత్రి ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే ఉండండి. ఎదురుమొండి దీవుల మనిషికి అర్ధరాత్రి రక్తం పడితే పంటు దాటి, నాగాయలంక చేరి, అక్కడి నుంచి బెజవాడ వెళ్లేసరికి తెల్లారుతుంది. ఒక రాత్రి గది అద్దెకు వెనకాడవద్దు. ఇంటికి వెళ్లాక రెండు వారాలు బరువులు ఎత్తడం, చేలో వంగి పనిచేయడం, గతుకుల రోడ్డు మీద మోటార్‌సైకిలు వద్దు.

ముక్క ఏ సీసాలో వెళ్లాలి?

ఈ పనిలో అన్నిటికన్నా తేలిగ్గా చెడిపోయే దశ ఇదే. ముక్క తీసిన ఆసుపత్రిలో దాన్ని చదివే ల్యాబు లేకపోవచ్చు. అప్పుడు సీసాలు కొరియరులో వెళతాయి. ఒక్కోసారి రోగి కొడుకు చేతికే ఇస్తారు. తీసుకెళ్లేది మీరే అయితే కింది సంగతి గుర్తుంచుకోండి.

కిడ్నీ ముక్కను మూడు రకాలుగా చూస్తారు, మూడింటికీ నిల్వ ద్రవం వేరు. మామూలు మైక్రోస్కోపు కోసం ఫార్మలిన్. ఇమ్యూనోఫ్లోరసెన్స్ కోసం చల్లటి సెలైన్‌లో తడిపిన గుడ్డ, లేదా మిషెల్ ద్రవం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కోసం గ్లూటరాల్డిహైడ్. ఫార్మలిన్‌లో పడిన ముక్క మామూలు ఇమ్యూనోఫ్లోరసెన్స్‌కు పనికిరాకుండా పోతుంది. కాబట్టి "మూడు సీసాలూ ఉన్నాయా, ఏ సీసాలో ఏ ద్రవం ఉందో పైన రాశారా?" అని మర్యాదగా అడగండి. సీసా మీద పేరు, వయసు, తేదీ మీ కళ్లతో చదవండి.

సెలైన్‌లో ఉన్న ముక్క కొన్ని గంటల్లోపే చేరాలి. చల్లగా ఉండాలి, కానీ గడ్డకట్టకూడదు. మిషెల్ ద్రవంలో అయితే కొన్ని రోజులు ఆగగలదు. దూరం ల్యాబుకు పంపేటప్పుడు అది అడగడం మంచిది. సీసాను మంచుగడ్డకు నేరుగా ఆనించకుండా గుడ్డలో చుట్టి థర్మోకోల్ పెట్టెలో పెట్టాలి. రొయ్యలకు వాడే చిన్న పెట్టెను కడిగి ఆరబెట్టి వాడినా సరిపోతుంది. బస్సు డ్యాష్‌బోర్డు మీద ఎండలో పెట్టొద్దు. దానితో పాటు రోగి వివరాల కాగితం తప్పకుండా వెళ్లాలి. వయసు, వాపు ఎప్పుడు మొదలైంది, బీపీ, ప్రోటీన్ ఎంత, క్రియాటినిన్ ఎంత, వాడిన మందులు, పాముకాటు వంటివి అందులో ఉండాలి. ఈ కాగితం లేకుండా ముక్కను చదివే పాథాలజిస్టు సగం చీకట్లో పనిచేస్తారు.

మైక్రోస్కోపు కింద ఏం చూస్తారు?

ముక్కను మైనంలో దిమ్మగా పోసి, మిల్లీమీటరులో వెయ్యో వంతుకు రెండు మూడింతల మందంతో పొరలుగా కోస్తారు. ఒకే రంగు వేస్తే అన్నీ కనిపించవు. అందుకే నాలుగైదు రంగులు వేస్తారు. ఒకటి కణాలను చూపిస్తుంది. ఒకటి వడపోత పొరను ముదురు గులాబీ రంగులో చూపిస్తుంది. వెండితో వేసే రంగు ఆ పొరను నల్ల గీతగా చూపిస్తుంది. మెంబ్రేనస్ జబ్బులో ఆ గీత మీద ముళ్లు మొలిచినట్టు కనిపిస్తాయి. ఇంకో రంగు మచ్చ కట్టిన భాగాన్ని నీలంగా చూపిస్తుంది. అమైలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుందన్న అనుమానం ఉంటే కాంగో రెడ్ వేసి, పోలరైజ్డ్ వెలుతురులో చూస్తారు. అమైలాయిడ్ ఉంటే లేత ఆకుపచ్చగా మెరుస్తుంది.

రెండోది ఇమ్యూనోఫ్లోరసెన్స్. గడ్డకట్టించిన పొర మీద వెలుగుతో మెరిసే యాంటీబాడీలు వేసి, చీకటి గదిలో చూస్తారు. ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం, సీ3, సీ1క్యూ, కప్పా, లాంబ్డా అనే ప్రోటీన్లలో ఏది ఎక్కడ పేరుకుందో మెరుపు చెబుతుంది. ఐజీఏ నెఫ్రోపతీ ప్రపంచమంతటా ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బుల్లో ఒకటి. దాన్ని 1968లో పారిస్‌లో జాన్ బెర్జే, నికోల్ ఎంగ్లే గుర్తించింది ఈ మెరుపు వల్లే. మామూలు మైక్రోస్కోపు ఒక్కటే ఉంటే అది బయటపడదు. మెరుపు చుక్కలుగా ఉందా, తిన్నని గీతగా ఉందా అన్నది కూడా తేడా చేస్తుంది. ఐజీజీ గీతలా మెరిస్తే వడపోత పొర మీదే శరీరం దాడి చేస్తోందని అర్థం. అది రోజుల్లో కిడ్నీని ముంచే జబ్బు.

మూడోది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు. ఇది వేల రెట్లు పెద్దదిగా చూపిస్తుంది. మినిమల్ చేంజ్ అనే జబ్బులో ఒళ్లంతా ఉబ్బినా మామూలు మైక్రోస్కోపులో కిడ్నీ దాదాపు బాగానే కనిపిస్తుంది. వడపోత పొర మీద కాళ్లలా పరుచుకున్న కణాలు చదునైపోవడం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులోనే తెలుస్తుంది. మేనరికాలున్న మన కుటుంబాలకు ఇంకో సంగతి. చిన్నప్పటి నుంచి మూత్రంలో రక్తకణాలు, పెరిగేకొద్దీ వినికిడి తగ్గడం ఉంటే ఆల్పోర్ట్ అనే వారసత్వ జబ్బు అనుమానించాలి. వడపోత పొర చీలికలు పేలికలుగా ఉండటం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పట్టుబడుతుంది. ఈ యంత్రం ఉన్న ల్యాబులు తక్కువ. కాబట్టి ఈ రిపోర్టు చివర్లో వస్తుంది.

ఇప్పుడు ఆ క్రీము సంగతి. మెంబ్రేనస్ జబ్బులో కొందరి ముక్కల్లో నెల్-1 అనే ప్రోటీన్ కనిపిస్తుంది. వెల్లూరు సీఎంసీ వైద్యులు అలాంటి రోగులను అడిగి చూస్తే చాలామంది పాదరసం ఉన్న నాటు మందులు వాడినట్టు తేలింది. ఆ వివరాలు 2022లో ప్రచురించారు. 2023లో కేరళలో ఇదే నెల్-1 దొరికిన రోగులు చర్మం తెల్లబడే క్రీములు వాడినట్టు బయటపడింది. వాటిలోనూ పాదరసమే. అలాంటి వాటిని ఆపేయడమే చాలామందికి చికిత్సలో సగం. స్లైడు మీది ఒక మరక, ఇంట్లో అద్దం ముందు పెట్టుకున్న డబ్బాను పట్టిచ్చింది. మీరు రాసిచ్చే మందుల చీటీ విలువ అంత.

మైక్రోస్కోపు చూసినా జవాబు పూర్తిగా దొరకని జబ్బులూ ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల రైతుల కిడ్నీలు పాడవుతున్నాయి. మన పాత కృష్ణా జిల్లా మెట్టలోని ఎ.కొండూరు తండాల్లోనూ అంతే. ఉద్దానం ముక్కల్లో కనిపించింది ఎక్కువగా నాళికలు ఎండిపోవడం, వాటి చుట్టూ మచ్చ. ఇమ్యూనోఫ్లోరసెన్స్‌లో మెరుపు పెద్దగా లేదు. శ్రీలంక, మధ్య అమెరికా రైతుల్లోనూ ఇదే బొమ్మ. ఏ దెబ్బ తగిలిందో ముక్క చెప్పింది, కొట్టిందెవరో చెప్పలేదు. ఉద్దానంలో చాలామంది ఆసుపత్రికి వచ్చేసరికే కిడ్నీ చిన్నబోయి ఉండటం కూడా ఒక అడ్డంకి. 2023 డిసెంబరులో ఆ ప్రాంతంలోని పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

రిపోర్టు చేతికి వచ్చాక

రెండు మూడు రోజుల్లో మొదటి భాగం వస్తుంది, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు రిపోర్టుకు వారమో ఇంకా ఎక్కువో పట్టవచ్చు. అత్యవసర కేసుల్లో పాథాలజిస్టు అదే రోజు ఫోనులో మాట చెబుతారు. మీరు చూడవలసినవి నాలుగు మాటలు.

గ్లోమెరులై ఎన్ని దొరికాయి? ఎనిమిది పదికి తక్కువైతే ఆ ముక్క సరిపోలేదేమో అని అడగాలి. కొన్ని జబ్బులు అక్కడక్కడే ఉంటాయి, నాలుగైదిటిలో అవి తప్పిపోవచ్చు. వాటిలో పూర్తిగా మచ్చగా మారినవి ఎన్ని? క్రెసెంట్లు (వడపోత ఉండల్లో నెలవంకలా పేరుకునే కణాలు) అనే మాట ఉందా? అది ఉంటే మందు ఆలస్యం కాకూడదు. నాళికల ఎండుదల, చుట్టూ మచ్చ ఎంత శాతం? ఇది పాతిక శాతం లోపు ఉంటే కిడ్నీని నిలబెట్టే అవకాశం బాగుంటుంది. సగం దాటితే బలమైన మందుల వల్ల మేలు ఎంతో, హాని ఎంతో డాక్టరు గారితో కూర్చుని మాట్లాడాలి. లూపస్ అయితే ఒకటి నుంచి ఆరు దాకా తరగతి రాస్తారు. మూడు, నాలుగు తరగతుల్లో చికిత్స గట్టిగా ఉంటుంది.

ఇక్కడే చాలా కుటుంబాలు ఆగిపోతాయి. పేరు తెలిసిందిగా అని కాగితం బీరువాలో పెట్టేస్తారు. ఆ వారంలోనే డాక్టరు గారి దగ్గరికి వెళ్లి, ఈ పేరుకు మందు ఏది, ఎన్ని నెలలు, మళ్లీ ఎప్పుడు మూత్రం చూడాలి, ఏ లక్షణం కనిపిస్తే ఫోన్ చేయాలి అని రాయించుకోండి. స్టెరాయిడ్ మొదలుపెడితే మధ్యలో మీ అంతట మీరు ఆపొద్దు. అనుమానం తీరకపోతే, ల్యాబు నుంచి మైనపు దిమ్మనూ స్లైడ్లనూ తీసుకెళ్లి ఇంకో పాథాలజిస్టుకు చూపించవచ్చు. దానికి మళ్లీ సూది అక్కర్లేదు. అవి ఎన్నేళ్లు దాచి ఉంచుతారో ల్యాబులో అడగండి.

రిపోర్టు నకళ్లు రెండు మూడు తీయించి, ఫోనులో ఫోటో కూడా పెట్టుకోండి. ఏళ్ల తర్వాత కిడ్నీ మార్పిడి దాకా పోతే ఆ డాక్టర్లు మొదట అడిగేది ఈ కాగితమే. కొన్ని జబ్బులు కొత్త కిడ్నీలోనూ తిరిగి వస్తాయి. ఆల్పోర్ట్ వంటివైతే కిడ్నీ ఇవ్వడానికి ముందుకొచ్చిన తల్లికో మేనమామకో కూడా ముందుగా పరీక్షలు చేయాలి.